బాదం ముద్దతో భవనములు కట్టిన కరేమ్

నిర్మల్ పట్టణపు నకాషీ పనివారు పొనికి కొయ్యను చెక్కి, చింతగింజల జిగురును రంపపు పొట్టుతో కలిపి అద్ది, పండ్లను, పక్షులను సృజింతురు. కరీంనగరమున వెండి తీగను అల్లి అత్తరుదానులను చేయుదురు. ఇట్టి హస్తకౌశలమునే బాదం ముద్దపైనను, చక్కెరపైనను చూపిన పాకశిల్పి ఫ్రాన్సు దేశమున ఒకడుండెను. ఆయనయే మారీ ఆంత్వాన్ కరేమ్.

కరేమ్ 1784లో పారిసు నగరమున నిరుపేద కుటుంబమునందు జన్మించెను. విప్లవపు దినములలో, పదేండ్ల ప్రాయమున, పోషింపలేని తండ్రి ఆతనిని వీధిలో విడిచిపోయెను. ఒక పూటకూటి యింటివారు చేరదీసి పని నేర్పిరి.

ఫ్రాన్సు మఠములలో చిన్న చిన్న బాదం కేకులు చేయుట పూర్వాచారము. బాదంపప్పును వేడినీట నానవైచి, పొట్టు తీసి, నూరి, చక్కెరయు గ్రుడ్డు తెల్లసొనయు చేర్చి, బిళ్ళలుగా కాల్చెదరు. పైభాగము కరకరలాడును, లోపల మెత్తగా నుండును. 1792లో మఠములు మూతపడగా నాన్సీ పట్టణమున ఇద్దరు సన్యాసినులు వీనినే అమ్మి బ్రతికిరి. ఇట్లు మఠముల వంటలు అంగళ్ళకెక్కుచున్న కాలముననే కరేమ్ పనివాడుగా ఎదిగెను.

తరువాత ఆతడు బాయీ అను ప్రసిద్ధ మిఠాయి వర్తకుని చెంత చేరెను. ఆ యజమాని ఉదారుడు. ఆయన అనుమతితో కరేమ్ జాతీయ గ్రంథాలయమునకు పోయి, ప్రాచీన కట్టడముల చిత్తరువులను చూచి గీసికొనెను. బడికి నోచుకొనని బాలునకు ఆ గ్రంథాలయమే బడి అయ్యెను. కాగితముపై గీసిన ఆలయములను, శిథిల గోపురములను చక్కెరతో, బాదం ముద్దతో నిర్మించి విందుబల్లలపై నిలిపెను. రాజనీతిజ్ఞుడు టాలీరాండ్, పిమ్మట నాలుగవ జార్జియైన ఇంగ్లండు యువరాజు, ధనికుడు రోత్‌షీల్డ్ ఆయనను తమ వంటశాలలకు పిలిపించుకొనిరి.

ఆ వైభవము వెనుక వేదన కలదు. నాటి వంటశాలలు తరచుగా గాలి చొరని నేలమాళిగలు. అందు బొగ్గుల పొయ్యిలు నిరంతరము మండుచుండెడివి. 1833 జనవరి 12వ తేదీన, ఏబది యేండ్లైన నిండకయే, కరేమ్ పారిసున మరణించెను. ఆ పొగయే ఆయన ఆయువును హరించెనని పలువురి అభిప్రాయము.

ఆయన కట్టిన తీపి భవనములు నిలుచునవి కావు. ఆ సంగతి ఆయన ఎరుగును. కావుననే, సామాన్యముగా చేతినుండి చేతికి మాత్రమే అందుచుండిన విద్యను 1815 నుండి చిత్తరువులతో కూడిన గ్రంథములుగా ప్రకటించెను. గ్రంథాలయమునుండి కొనిపోయినదానిని ఆ పేదబాలుడు గ్రంథరూపముననే తిరిగి చెల్లించెను.