టిక్కీ బరువు

మా తాతయ్యది సత్తెనపల్లి పక్కన పల్లె. డెబ్బై దాటినా మిర్చి టిక్కీ ఎత్తగలనంటాడు. మొన్న బీపీ చెకప్‌లో నాడి కాస్త తడబడినట్టుందని డాక్టరు గారు ఈసీజీ తీశారు. నార్మల్. అయినా అనుమానం తీరక 24 గంటలు హోల్టర్ పెట్టారు. హోల్టర్ అంటే ఏదో కంపెనీ అనుకున్నా. వెతికితే తెలిసింది, అది మనిషి పేరు.

నార్మన్ హోల్టర్ 1914లో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, హెలెనా అనే ఊళ్లో పుట్టాడు. ఆయన డాక్టరు కాదు. చదివింది కెమిస్ట్రీ, ఫిజిక్స్. 1946లో బికినీ దీవుల దగ్గర అణుబాంబు పరీక్షలు జరిగినప్పుడు సముద్రపు అలల్ని కొలిచే పనిలో ఉన్నాడు. ఆ మరుసటి ఏడు సొంతూళ్లోనే పరిశోధనశాల పెట్టుకున్నాడు.

అప్పటికి ఈసీజీ వచ్చి నలభై ఏళ్లు దాటింది. కానీ పేషెంటు కదలకుండా పడుకోవాలి, దొరికేది కొన్ని సెకన్ల లెక్కే. గుండె సరిగ్గా ఆ సెకన్లలోనే తప్పు చేయాలని రూలేం లేదుగా! మనిషి తన పని తాను చేసుకుంటుండగా గుండెను గమనించాలని హోల్టర్ పట్టుబట్టాడు. రేడియో తరంగాలతో సిగ్నల్ పంపే ఆయన మొదటి యంత్రం బరువు దాదాపు 38 కిలోలు. అంటే మన టిక్కీకి కాస్త తక్కువ! దాన్ని వీపున మోయాలి. తర్వాత ట్రాన్సిస్టర్లు, టేపు రికార్డరు వచ్చాయి, బరువు తగ్గుతూ పోయింది. 1961లో ఈ పద్ధతిని సైన్స్ పత్రికలో ప్రచురించాడు. 1983లో చనిపోయాడు.

ఇక తాతయ్య సంగతి. నిద్రలో ఉండగా చాలాసేపు గుండె లయ తప్పింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. ఆయనకేమో ఏమీ తెలియలేదు. గుండె పై గదులు సరిగా ముడుచుకోకుండా వణికితే రక్తం అక్కడ నిలిచి గడ్డకట్టొచ్చు. ఆ గడ్డ మెదడుకి చేరితే పక్షవాతం. అలాగని అందరికీ ఒకే మందు కాదు. రక్తం పలచబరిచే మాత్రలతో రక్తస్రావం భయం ఉంటుంది. అందుకే లయ ఎంతసేపు తప్పింది, వయసెంత, బీపీ, షుగర్ ఉన్నాయా, ఇదివరకు పక్షవాతం వచ్చిందా అన్నీ బేరీజు వేస్తారు. తాతయ్యకి మాత్రలు రాశారు.

నొప్పే లేనిదానికి మందేంటని ఆయన వారం రోజులు మాత్రలు బీరువాలోనే ఉంచేశాడు. నానమ్మ ఫోన్ చేసి చెప్తే భయమేసింది. ఆదివారం ఇంటికెళ్లి హోల్టర్ కథ చెప్పా. అంత బరువు మోసి ఏం సంపాదించాడని అడిగాడు తాతయ్య. నీ రాత్రి సంగతి నీకు చెప్పాడు తాతయ్యా అన్నా. ఏం మాట్లాడలేదు. అన్నం తిన్నాక మాత్రలు ఎక్కడున్నాయని నానమ్మని అడిగాడు.