కరవని పాము

మాది అడవులదీవి. తాతయ్య కుండలు చేసేవాడు. ఇప్పుడు చూపు సరిగా ఆనదు, కుమ్మరి సారె పెరట్లో మూలన పడుంది. అందుకేనేమో, ఎక్కడో అమెరికాలో బతికిన ఒక కుమ్మరి కథ మా ఇంటి కథలా అనిపించింది.

ఆమె పేరు నంపేయో. కరవని పాము అని అర్థం చెబుతారు. 1860 ప్రాంతంలో అరిజోనాలో, హోపీ ఊళ్ళ పక్కనే ఉన్న హానోలో పుట్టింది. పని నేర్పింది నాన్నమ్మ. మన దగ్గర సారె తిప్పేది ఎక్కువగా మగవాళ్ళు కదా, అక్కడ కుండలు ఆడవాళ్ళ పని. సారె అసలుండదు. మట్టిని తాళ్ళలా పేని, చుట్ట మీద చుట్ట పేర్చి, వేళ్ళతో అదిమి, గులకరాయితో నునుపు చేస్తారు. ఆకు పీచే కుంచె. గొర్రెల పెంటతో కాలుస్తారు.

ఆ రోజుల్లో హోపీ కుండలకి తెల్లటి పూత పూసేవాళ్ళు. కాలాక అది సన్నగా పగుళ్ళిచ్చేది. దగ్గర్లోనే సిక్యాట్కి అనే పాడుబడ్డ ఊరి దిబ్బల్లో వందల ఏళ్ళ నాటి పెంకులు దొరికేవి. వాటికి పూతా లేదు, పగుళ్ళూ లేవు. నంపేయో ఆ పెంకుల వెంట పడింది. 1895లో ఫ్యూక్స్ అనే పరిశోధకుడు అక్కడ తవ్వకాలు జరిపిస్తే, ఆమె భర్త లెసో అందులో పనికి వెళ్ళాడు. బయటపడ్డ పాత్రల మీది బొమ్మల్ని ఆమె కాగితం మీద గీసుకుంది. మేలైన మట్టి వాడి, పూత మానేసింది. మనం రివర్స్ ఇంజనీరింగ్ అని గొప్పగా చెప్పుకుంటామే, అదే. కాకపోతే ఆమె నకలు దగ్గర ఆగలేదు, పాత గీతల్లోంచి తన సొంత బొమ్మలు తీసింది. వాటిని పాతకాలపువేనని అమ్మేస్తారేమోనని ఫ్యూక్సే కంగారు పడ్డాడు!

1905లో గ్రాండ్ కాన్యన్ హోటల్ వాళ్ళు పిలిచి, టూరిస్టుల ఎదుట ఆమె చేత కుండలు చేయించారు. 1910లో షికాగో ప్రదర్శనకి తీసుకెళ్ళారు. కుండతో పాటు మనిషినీ చూపుకి పెట్టడం నాకైతే నచ్చలేదు. ఆమెకి చదువు రాదు, కుండ మీద సంతకం పెట్టేది కాదు.

తర్వాత ట్రకోమా వల్ల చూపు పోయింది. అయినా పని మానలేదు. తడుముతూ కుండ లేపేది, కూతుళ్ళు రంగులు వేసేవాళ్ళు. 1942లో పోయేదాకా మట్టి వదల్లేదు.

సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు ఇదంతా తాతయ్యకి చెప్పా. చూపు సంగతి ఎత్తలేదు. సారె లేకుండా కుండకి మెడ ఎలా తీసిందిరా అని అడిగాడు. చుట్టల సంగతి మళ్ళీ చెప్పా. కాసేపు ఊరుకుని, అమ్మ కలిపి పెట్టిన చపాతీ పిండిలోంచి ఓ ముద్ద తీసుకుని తాడులా పేనడం మొదలుపెట్టాడు.