ఆరుట్ల కమలాదేవి

ఆరుట్ల కమలాదేవి (1920 - జనవరి 1, 2001) తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటంలో పాల్గొన్న కమ్యూనిస్టు నాయకురాలు. ఆలేరు నియోజకవర్గం నుండి మూడు పర్యాయాలు శాసనసభకు ఎన్నికైనది. సంపన్న కుటుంబంలో పుట్టి, చదువు కొరకు ఇల్లు విడిచి వసతిగృహంలో నివసించిన తొలితరం తెలంగాణా యువతులలో ఈమె ఒకరు.

జననం, వివాహం

కమలాదేవి ఆలేరు సమీపంలోని మంతపురి గ్రామంలో జన్మించింది. ఆనాడు ఈ ప్రాంతం నల్గొండ జిల్లాలో ఉండేది. 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది. ఈమె అసలు పేరు రుక్మిణి. చిన్న వయసులోనే కొలనుపాకకు చెందిన ఆరుట్ల రామచంద్రారెడ్డితో వివాహం జరిగింది. వివాహానంతరం ఈమె పేరు కమలాదేవిగా మారింది.

వసతిగృహ జీవితం, విద్య

ఆ కాలంలో కలిగిన కుటుంబాల ఆడపిల్లలకు యుక్తవయసు రాకముందే పెళ్ళిళ్ళు చేసేవారు. ఎంత ఆస్తి ఉన్నా వారికి పుట్టిల్లు, అత్తవారిల్లు తప్ప వేరొక నివాసం ఉండేది కాదు. అవివాహితగా ఒంటరిగా ఉండటం ఊహకందని విషయం. నిజాం రాజ్యంలో ఉన్నత విద్య ఉర్దూ మాధ్యమంలో ఉండటం వలన తెలుగు బాలికల చదువు మరింత కష్టమయ్యేది.

ఈ లోటు తీర్చుటకు మాడపాటి హనుమంతరావు ప్రభృతులు 1928లో హైదరాబాదులో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాలను స్థాపించారు. అది మహర్షి కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. నగరంలో ఇల్లు లేని గ్రామీణ బాలికలకు చదువుతో పాటు నివాసం కూడా సమస్యే. కొత్వాలు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి ప్రోత్సాహంతో ఏర్పడిన రెడ్డి బాలికల వసతిగృహం ఆ సమస్యను కొంత తీర్చింది. కులపెద్దల పర్యవేక్షణ ఉండటం వలన తల్లిదండ్రులు పిల్లలను అక్కడకు పంపుటకు అంగీకరించేవారు. కమలాదేవి ఈ వసతిగృహంలో ఉండి చదువుకున్నది. అయితే ఆ వసతి ఒక కులానికి, స్తోమత గల కుటుంబాలకు పరిమితం. కూలీల పిల్లలకు అటువంటి అవకాశం లేదు.

సాయుధ పోరాటం

కమలాదేవి భర్తతో పాటు ఆంధ్ర మహాసభ కార్యక్రమాలలో పాల్గొన్నది. సాయుధ పోరాటం (1946-1951) కాలంలో ఇల్లు విడిచి అజ్ఞాతంలోకి వెళ్ళి గెరిల్లా దళంలో పనిచేసింది. తరువాత అరెస్టై జైలు జీవితం గడిపింది. భూస్వాముల పెత్తనానికి, వెట్టిచాకిరికి వ్యతిరేకంగా సాగిన ఈ పోరాటంలో కలిగిన ఇంటి స్త్రీ చేరడం ఆనాడు సాహసమే.

రాజకీయ జీవితం

హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్నందున 1952 ఎన్నికలలో ఆ పార్టీవారు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంటు పేరుతో పోటీచేశారు. కమలాదేవి ఆ ఎన్నికలలోను, 1957, 1962 ఎన్నికలలోను ఆలేరు నుండి గెలుపొందినది. 1962లో రామచంద్రారెడ్డి భువనగిరి నుండి గెలవడంతో భార్యాభర్తలిద్దరూ ఒకే శాసనసభలో సభ్యులుగా ఉన్నారు.

కమలాదేవి 2001 జనవరి 1న మరణించింది.