పీట్ రోజెల్

పీట్ రోజెల్ (మార్చి 1, 1926 - డిసెంబరు 6, 1996) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన క్రీడా పరిపాలకుడు. ఇతడు 1960 నుండి 1989 వరకు అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడలో ప్రధాన వృత్తి సంస్థ అయిన నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్.ఎఫ్.ఎల్.) కమిషనర్‌గా పనిచేశాడు. ఇతడి పూర్తి పేరు ఆల్విన్ రే రోజెల్.

తొలి జీవితం

రోజెల్ కాలిఫోర్నియా రాష్ట్రంలోని సౌత్ గేట్‌లో జన్మించాడు. నౌకాదళంలో కొంతకాలం పనిచేసిన తరువాత శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయంలో చదివాడు. 1957లో లాస్ ఏంజెలెస్ రామ్స్ క్లబ్బుకు జనరల్ మేనేజరు అయ్యాడు. 1960 జనవరిలో క్లబ్బుల యజమానులు 23వ విడత ఓటింగులో ఇతడిని కమిషనర్‌గా ఎన్నుకున్నారు. అప్పటికి ఇతడి వయసు 33 సంవత్సరాలు.

రోజెల్ నియమం

1963లో అమలులోకి వచ్చిన ఒక నియమానికి ఇతడి పేరే స్థిరపడింది. ఒప్పంద కాలం ముగిసిన ఆటగాడు వేరే క్లబ్బులో చేరితే, కొత్త క్లబ్బు పాత క్లబ్బుకు పరిహారం ఇవ్వాలి. ఇరుపక్షాలకూ రాజీ కుదరకపోతే ఏ ఆటగాళ్ళను, లేదా కళాశాల క్రీడాకారులను ఎంచుకునే వార్షిక డ్రాఫ్టులో ఏ వంతును ఇవ్వాలో కమిషనర్ నిర్ణయిస్తాడు. 1968లో డేవ్ పార్క్స్ న్యూ ఆర్లియన్స్ సెయింట్స్‌లో చేరినప్పుడు, శాన్ ఫ్రాన్సిస్కో క్లబ్బుకు కెవిన్ హార్డీ అనే ఆటగాడితో పాటు ఒక మొదటి రౌండు వంతును కూడా రోజెల్ ఇప్పించాడు. పరిహారం ఎంత పడుతుందో ముందుగా తెలియక క్లబ్బులు ఇటువంటి ఆటగాళ్ళను తీసుకోవడానికి వెనుకాడాయి. 1963-1974 మధ్య ఒప్పందం ముగించుకున్న 176 మందిలో 34 మంది మాత్రమే వేరే క్లబ్బులలో చేరారు.

షులా వివాదం

ఒప్పందంలో ఉన్న ఆటగాడిని గాని, శిక్షకుడిని గాని అతడి క్లబ్బు అనుమతి లేకుండా తమవైపు రప్పించుకోజూడడాన్ని లీగ్ పరిభాషలో టాంపరింగ్ అంటారు. 1970లో బాల్టిమోర్ కోల్ట్స్ శిక్షకుడు డాన్ షులా మయామి డాల్ఫిన్స్‌కు మారినప్పుడు బాల్టిమోర్ ఫిర్యాదు చేసింది. మయామి తప్పు చేసిందని తేల్చి, ఆ క్లబ్బు 1971 మొదటి రౌండు వంతును బాల్టిమోర్‌కు ఇవ్వాలని రోజెల్ తీర్పు చెప్పాడు. ఈ శిక్ష క్లబ్బుపైనే పడింది. షులా మయామిలోనే కొనసాగాడు. రోజెల్ నియమం మాత్రం ఏ తప్పూ చేయని ఆటగాడి అవకాశాలనే దెబ్బతీసింది.

న్యాయస్థానం తీర్పు

జాన్ మాకీ, మరికొందరు ఆటగాళ్ళు వేసిన దావాలో 1975లో న్యాయస్థానం ఈ నియమం గుత్తాధిపత్య నిరోధక చట్టాలకు విరుద్ధమని తీర్పు చెప్పింది. 1976లో అప్పీలు కోర్టు కూడా నియమం చెల్లదనే నిర్ణయించింది. 1977 సమష్టి ఒప్పందంలో దీని స్థానంలో ఆటగాడి కొత్త జీతాన్ని బట్టి ముందే నిర్ణయించిన పరిహార పట్టిక వచ్చింది.

చివరి సంవత్సరాలు

1985లో రోజెల్‌కు ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది. 1989లో పదవీ విరమణ చేసి, 1996లో కాలిఫోర్నియాలోని రాంచో శాంటా ఫేలో మరణించాడు.