నియమం అందరికీ ఒక్కటే: శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం

ఒక దేశానికి రాజ్యాంగం ఎందుకు అవసరమన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాలలో సమాధానం దొరుకుతుంది. అధికారానికి హద్దును, పౌరునికి హక్కును, అందరికీ సమానమైన నియమాన్ని లిఖితపూర్వకంగా నిలిపేదే రాజ్యాంగం. ఆ మాటలు మనిషి జీవితంలో ఎట్లా ఆచరణ రూపం దాల్చుతాయో తెలిసికోవాలంటే మాత్రం, భారత రాజ్యాంగ రచనలో పాలుపంచుకొన్న తెలుగు మహిళ శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ చరిత్రను చదువవలసి ఉన్నది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. బాల్యం కాకినాడలో గడిచింది. ఎనిమిదవ ఏటనే వివాహం జరిగింది. యుక్తవయస్సు వచ్చిన తరువాత ఆమె ఆ బంధం నుండి విడివడి, దేశసేవకే అంకితమయ్యారు. చిన్ననాడే హిందీ నేర్చుకొని, తోటి స్త్రీలకు నేర్పడానికి పాఠశాల నడిపారు.

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. దానితోపాటు ఏర్పాటైన ఖద్దరు ప్రదర్శనశాల ద్వారం వద్ద పదునాలుగేళ్ళ దుర్గాబాయి స్వచ్ఛంద సేవికగా నిలబడ్డారు. టిక్కెట్టు లేనివారిని లోపలికి విడువరాదని ఆమెకు పెద్దలిచ్చిన ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండా వచ్చినప్పుడు ఆమె ఆయనను కూడా ఆపివేశారు. నిర్వాహకులు కోపగించుకొన్నా, తమ ఆజ్ఞనే తాను పాటించానని ఆ బాలిక బదులు చెప్పింది. టిక్కెట్టు కొన్న తరువాతనే నెహ్రూ లోపలికి వెళ్ళారు; ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకొన్నారు. పెద్దలకొక నియమం, సామాన్యులకొక నియమం ఉండరాదన్న ఈ సూత్రమే తరువాతి కాలంలో రాజ్యాంగం 14వ అధికరణంలో చట్టం ముందు సమానత్వంగా స్థిరపడింది.

1930లో ఉప్పు సత్యాగ్రహం మద్రాసుకు వ్యాపించినప్పుడు దుర్గాబాయి ముందువరుసలో నిలిచారు. 1933 లోపున మూడుసార్లు కారాగారానికి వెళ్ళారు. మధుర జైలులో ఏకాంత శిక్షను అనుభవించారు. సభలో మాట్లాడడమూ, పదిమంది కలిసి నడవడమూ పాలకుల దయపై ఆధారపడి ఉన్న కాలమది. చట్టం తెలియని కారణంగా తమ పక్షాన ఒక్క మాటైనా చెప్పుకోలేక శిక్షలు అనుభవిస్తున్న స్త్రీలను ఆమె అక్కడ చూచారు. న్యాయశాస్త్రం చదవాలన్న సంకల్పానికి ఆ అనుభవమే బీజమయింది.

విడుదలైన తరువాత ఆమె చదువును మొదటినుండి చేపట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రంలో పట్టం, 1942లో మద్రాసు విశ్వవిద్యాలయం న్యాయశాస్త్ర పట్టం సాధించి, మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా ప్రవేశించారు. ఈ మధ్యనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. చదువు మధ్యలో ఆగిపోయిన బాలికలను, యువతులను పరీక్షలకు సిద్ధపరచడం ఆ సంస్థ తొలి కృషిలో ముఖ్యమైనది.

1946లో మద్రాసు రాష్ట్రం నుండి ఆమె రాజ్యాంగ నిర్ణయ సభకు ఎన్నికయ్యారు. ఆ సభలో సభ్యత్వం పొందిన స్త్రీలు పదిహేనుమంది. అధ్యక్ష స్థానంలో కూర్చుండుటకు ఏర్పరచిన పట్టికలో ఉన్న ఏకైక మహిళ దుర్గాబాయి. ముసాయిదాపై సభలో ప్రతిపాదించి చర్చించిన సవరణలు 2,473. వాటిలో ఆమె ప్రతిపాదించిన రెండింటిని చూస్తే, రాజ్యాంగంలో ఒక్కొక్క మాటకు ఎంత విలువ ఉన్నదో తెలుస్తుంది. సార్వజనిక హిందూ దేవాలయాల ప్రవేశం గురించిన నిబంధనలో ఏదైనా ఒక వర్గానికి అన్న అర్థం వచ్చే పదాలుండగా, వాటి స్థానంలో అన్ని వర్గాలకు అన్న అర్థం వచ్చే పదాలను చేర్చాలని ఆమె కోరారు. నేటి 25వ అధికరణంలో ఉన్నవి ఆ పదాలే. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సు ముప్పది అయిదేళ్ళు కాక ముప్పది ఏళ్ళు చాలునన్నది రెండవ సవరణ. అది కూడా ఆమోదం పొందింది.

1949 నవంబరు 26న రాజ్యాంగం ఆమోదం పొంది, 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది. పాలకుల దయగా ఉన్న వాక్‌స్వాతంత్ర్యం 19వ అధికరణంతో హక్కుగా మారింది. హక్కుకు భంగం కలిగితే నేరుగా సర్వోన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించే అధికారం 32వ అధికరణంతో సామాన్యునికి లభించింది. ఇరువదియొక్క ఏళ్ళు నిండిన ప్రతి స్త్రీకి, ప్రతి పురుషునికి ఓటు వచ్చింది.

అయితే హక్కు లిఖితమైనంత మాత్రాన అది చేతికి అందదని 1951-52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలు తెలియజేశాయి. ఫలానివారి భార్యనని, ఫలానివారి తల్లినని తప్ప సొంత పేరు చెప్పుకోని స్త్రీలు దేశంలో ఎందరో ఉన్నారు. ఆ కారణంగా సుమారు 28 లక్షలమంది స్త్రీల పేర్లు ఓటర్ల జాబితాలలో లేకపోయాయి. రాజ్యాంగం వారిని పౌరులుగా గుర్తించింది. తమ పేరు తాము చెప్పుకొనే ధైర్యాన్ని మాత్రం చదువూ, సమాజమూ ఇంకా ఇవ్వలేదు.

ఆ ఎన్నికలలో దుర్గాబాయి కూడా పోటీచేసి ఓడిపోయారు. సార్వత్రిక ఓటు హక్కును ప్రసాదించిన సభలోని సభ్యురాలిని ఆ ఓటే ఓడించింది. ఆమె ప్రజల తీర్పును శిరసావహించి, సేవామార్గాన్ని విడువలేదు. 1952లో ప్రణాళికా సంఘ సభ్యురాలయ్యారు. 1953 జనవరిలో నాటి ఆర్థికమంత్రి శ్రీ సి.డి. దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. అదే సంవత్సరం కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షురాలయ్యారు. 1958లో ఏర్పడిన జాతీయ స్త్రీ విద్యా సంఘానికి అధ్యక్షత వహించారు. కుటుంబ వివాదాలకు ప్రత్యేక న్యాయస్థానాలు కావాలని ఎంతో ముందుగా సూచించారు. 1975లో పద్మవిభూషణ్ పురస్కారం అందుకొన్నారు. 1981 మే 9న కీర్తిశేషులయ్యారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. దానిని చూచే భాగ్యం ఆమెకు కలుగలేదు.

భాషా విషయంలో ఆమె వైఖరి తెలుగువారందరికీ గమనింపదగినది. బాల్యంలోనే హిందీ బోధించిన ఆమె, రాజ్యాంగ నిర్ణయ సభలో సరళమైన హిందూస్థానీనే సమర్థించారు. హిందీ ప్రచారంలోని అత్యుత్సాహం ఇతర భాషల వారికి వెగటు కలిగిస్తున్నదని హెచ్చరించారు. అల్పసంఖ్యాక భాషల వారు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనే హక్కును 30వ అధికరణం ఇచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని 1956లో చేర్చిన 350-ఎ అధికరణం రాష్ట్రాలకు నిర్దేశించింది. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల వెలుపల తెలుగు బడులకు ఆధారమైన హక్కు ఇదే. అయితే ఏ అధికరణమూ బడిలో పిల్లలను చేర్పించదు. ఆ పని తల్లిదండ్రులదే.

1989 నుండి ఓటు వయస్సు పద్దెనిమిదేళ్ళకు తగ్గింది. నేడు పై తరగతులలో ఉన్న విద్యార్థులు కొద్ది సంవత్సరాలలోనే ఓటర్లవుతారు. జాబితాలో తమ పేరు ఉన్నదో లేదో చూచుకోవడం, అది సరిగా ఉన్నదో లేదో సరిచూచుకోవడం, పోలింగు నాడు తమ వంతు వచ్చేవరకు అందరితోపాటు వరుసలో నిలబడడం చిన్న పనులే. కాకినాడ ప్రదర్శనశాల ద్వారం వద్ద పదునాలుగేళ్ళ బాలిక చేసినదీ అటువంటి చిన్న పనియే.