యర్రగుంట్ల పేరయ్యగారు

చదువవలసిన భాగములు: యెహోషువ 24:14-15, 1 కొరింథీయులకు 1:26-29



యెహోషువ వృద్ధుడైన తరువాత ఇశ్రాయేలీయులనందరిని షెకెములో సమకూర్చెను. జనులు ఏ త్రోవ పట్టినను, తన యిల్లు ఎవరి పక్షముననున్నదో ఆయన ముందుగానే తేల్చి చెప్పెను. ఆలాగుననే తన యింటితో మొదలుపెట్టిన ఒక తెలుగు గ్రామస్థుని జీవితమును ఈ నెల మీ ముందుంచుచున్నాము.

యర్రగుంట్ల పేరయ్యగారు ఒంగోలునకు సుమారు 40 మైళ్ల దూరముననున్న తాళ్లకొండపాడు వాసులు. మాదిగ కులమున పుట్టి, తోళ్ల వ్యాపారముతో కుటుంబమును పోషించుకొనుచుండిరి. ఊరి గుడి గడప త్రొక్కుటకు ఆ కాలమున ఆయనకు హక్కు లేకుండెను. అయినను ఆయనకు దేవుని కొరకైన ఆకలి మెండు. గురువుల నాశ్రయించి యోగము అభ్యసించిరి గాని హృదయమునకు నెమ్మది దొరకలేదు.

తోళ్లు కొనుటకై ఆయన ఉత్తరముగా ఏలూరు ప్రాంతమునకు పోయినప్పుడు, చర్చి మిషనరీ సొసైటీవారైన అలెగ్జాండరు దొరగారు ప్రకటించుచున్న సువార్త ఆయన చెవిని బడెను. బేరమునకు వెళ్లిన మనిషి తోళ్లకంటె విలువగలదానిని ఇంటికి తెచ్చిరి. ఇల్లు చేరి భార్యయైన నాగమ్మగారికి ఆ మాట తెలిపిరి. 1866లో దంపతులిద్దరును ఒంగోలులో జూయెట్ దొరగారిచేత బాప్తిస్మము పొందిరి. ఆయన ఒంటరిగా రక్షణలోనికి పోవలెనని కోరలేదు. భార్యను వెనుక విడిచి తాను ముందు నడచిన భర్త కాడు. ఆమెతో కూడ నడచిన భర్త.

ఒంగోలు కొండమీద 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు క్రైస్తవులు మోకరించి ఆ ప్రాంతము కొరకు ప్రార్థించియుండిరి. ఆ ప్రార్థనకు జవాబు పట్టణపు పెద్దల యిండ్లనుండి కాక, మాదిగపల్లెలోని యొక యింటినుండి మొదలాయెను.

తరువాత పేరయ్యగారు తనవారిని, చుట్టుప్రక్కల పల్లెలవారిని కలిసికొని తాను కనుగొనినదానిని చెప్పసాగిరి. 1867 జనవరిలో క్లౌ దొరగారు తాళ్లకొండపాడు వచ్చి చింతతోపులో దిగిరి. పల్లెలనుండి జనులు కొన్ని దినములకు సరిపడు తిండి మూటగట్టుకొని వచ్చియుండిరి. ఆ దినములలో 28 మంది బాప్తిస్మము పొందిరి. దొరగారు వచ్చినది కోతకే. విత్తనము అంతకుముందే పడియుండెను.

దీనికి చెల్లించిన వెల తక్కువది కాదు. విశ్వాసులు ఆదివారమున పని మానిరి. చచ్చిన పశువుల మాంసము మానిరి. జాతరలలో డప్పు కొట్టుట మానిరి. గ్రామాధికారులకు కోపము వచ్చెను. పని ఇయ్యరాదు, ధాన్యము అమ్మరాదు అని కట్టడి చేసిరి. కూలి దొరకని దినమున పిల్లల ఆకలి చూచుచు నిలుచుట తండ్రికి ఎంత కష్టమో మన సంఘములలోని తండ్రులకు మేము చెప్పనక్కరలేదు. ఆ దినములలో విశ్వాసము మాటలతో తేలిపోవునది కాదు. పొయ్యి దగ్గర పరీక్షింపబడునది.

ఒంగోలులో అగ్రకులస్థులు కొందరు, మాదిగలు చేరినయెడల తాము చేరమని తెలిపిరి. క్లౌ దొరగారును ఆయన భార్యయు ఆ చింతతో వేరువేరుగా బైబిలు తెరువగా, ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన ఆ భాగమే కనబడెను. పేరయ్యగారి జనులు బయటికి త్రోయబడలేదు. 1876-78 సంవత్సరముల గొప్ప కరవు గడచిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ నదికి ఊట ఎక్కడనని అడిగిన, నాగమ్మగారు విన్న ఆ యింటిని మేము చూపుదుము.

పేరయ్యగారివలె నేడు మనవారును బ్రదుకు తెరువు కొరకు దూరము పోవుచున్నారు. అనేకుల బిడ్డలు హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలోనుండి పరీక్షలకు చదువుకొనుచున్నారు. కొందరు తండ్రులు ఎల్.బి. నగర్ చుట్టుప్రక్కల కట్టడముల పనిలోనున్నారు. 2018లో ఆ రెండు పేటలకును మెట్రో రైలు వచ్చినది. ప్రయాణము సులువైనది గాని ఇల్లు మాత్రము దూరముననే యున్నది. దూరము పోవుట పాపము కాదు. తిరిగి వచ్చునప్పుడు ఏమి తెచ్చుచున్నామన్నదే ప్రశ్న. జీతమును, పిల్లలకు బట్టలును తెచ్చుట మంచిదే. వాటితోపాటు దేవుని మాట కూడ మన యింటి గడప దాటి లోపలికి వచ్చుచున్నదా?

తండ్రులారా, ఇంటనున్నను పరదేశముననున్నను, వారమునకొక రాత్రియైనను భార్యాబిడ్డలతో కలిసి ఒక అధ్యాయము చదివి ప్రార్థించుడి. దూరముననున్నవారు టెలిఫోనులోనే చదువుడి. తల్లులారా, నాగమ్మగారివలె విని, ఆ మాటను హృదయమున నిలుపుకొనుడి. సంఘము గుడిలో కూడకముందే ఇంటిలో పుట్టవలెను. ప్రభువు మీ యిండ్లను దీవించును గాక. ఆమేన్.