డ్రాఫ్ట్ ఐడియా ఇచ్చాడు.. సొంత టీమ్‌కే ఒక్క ప్లేయరూ రాలేదు! ఎవరీ బర్ట్ బెల్?

ఐపీఎల్ వేలం మనందరికీ తెలుసు. ఎవరి దగ్గర ఎక్కువ డబ్బుంటే స్టార్ ప్లేయర్ వాళ్లకే. కానీ అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా కుదరదు. కాలేజీ కుర్రాళ్లను టీమ్‌లు వరుసగా ఎంచుకోవాలి. అట్టడుగున ఉన్న టీమ్‌కే ఫస్ట్ ఛాన్స్. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. ఈ ఐడియా ఇచ్చింది బర్ట్ బెల్.

పుట్టుకతోనే డబ్బున్నోడు

1895లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. తండ్రి పెన్సిల్వేనియా రాష్ట్ర అటార్నీ జనరల్‌గా చేశారు. పెన్సిల్వేనియా యూనివర్సిటీకి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన బెల్, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో ఆస్పత్రి దళంలో పనిచేశాడు. 1933లో పార్ట్‌నర్ లడ్ రేతో కలిసి 2,500 డాలర్లకు ఫిలడెల్ఫియా ఫ్రాంచైజీ కొన్నాడు. అదే ఈగిల్స్.

అసలు కష్టాలు అక్కడే మొదలయ్యాయి. టీమ్ ఓడిపోతూనే ఉంది. మంచి కుర్రాళ్లంతా డబ్బున్న పెద్ద టీమ్‌లకే వెళ్లిపోతున్నారు. మిన్నెసోటా స్టార్ స్టాన్ కోస్ట్కా కోసం ఎంత ట్రై చేసినా, అతను బ్రూక్లిన్ టీమ్‌తో సైన్ చేశాడు. దీంతో 1935లో బెల్ మిగతా ఓనర్ల ముందు డ్రాఫ్ట్ ప్రతిపాదన పెట్టాడు. గెలిచే టీమ్‌ల ఓనర్లు కూడా ఒప్పుకున్నారు. చిన్న టీమ్‌లు మూతపడితే లీగే ఉండదు కదా!

బోర్డు మీద 90 పేర్లు

1936 ఫిబ్రవరి 8. ఫిలడెల్ఫియాలోని రిట్జ్ కార్ల్‌టన్ హోటల్. బోర్డు మీద దాదాపు 90 పేర్లు. తొమ్మిది టీమ్‌లు, తొమ్మిది రౌండ్లు. స్కౌట్లు లేరు, వీడియోలు లేవు. పేపర్లో చదివిందే ఆధారం. మొదటి పిక్ ఈగిల్స్‌దే.. జే బెర్వాంగర్‌ను తీసుకున్నారు. కానీ డబ్బు దగ్గర కుదరక అతను ప్రో ఫుట్‌బాల్ ఆడనే లేదు. ఈగిల్స్ ఎంచుకున్న తొమ్మిది మందిలో ఒక్కరూ సైన్ చేయలేదు!

ఎంచుకునే హక్కు టీమ్‌కి వచ్చింది. కుర్రాడికి మాత్రం నచ్చిన టీమ్‌తో బేరమాడే దారి పోయింది. ఈ గొడవ ఇప్పటికీ ఉంది.

టైట్ ఎండ్‌ను పట్టుకోవడమే కష్టం

అప్పట్లో టైట్ ఎండ్ అనే పొజిషన్ విడిగా లేదు. బెల్ లీగ్ కమిషనర్‌గా ఉన్న 1950ల్లో అది రూపం తీసుకుంది. 1957 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో గ్రీన్ బే టీమ్ రాన్ క్రేమర్‌ను తీసుకుంది. 1961లో షికాగో బేర్స్ మైక్ డిట్కాను తీసుకుంది. తొలి సీజన్‌లోనే డిట్కా 56 క్యాచ్‌లు పట్టి 1,076 గజాలు సాధించాడు.

టైట్ ఎండ్ డబుల్ డ్యూటీ చేయాలి. బాహుబలిలా ఎదుటివాణ్ని ఆపాలి, పరిగెత్తి బంతీ పట్టాలి. ఇప్పుడు డ్రాఫ్ట్‌కి ముందు 40 గజాల పరుగు, జంప్, చేతి సైజు అన్నీ కొలుస్తారు. కానీ బ్లాకింగ్ స్టాప్‌వాచ్‌లో కనిపించదు. మ్యాచ్ వీడియోలే చూడాలి. కాలేజీలో ఎప్పుడూ పక్కకు నిలబడి బంతి పట్టిన కుర్రాడైతే ఆ వీడియోల్లో కూడా తేలదు. అందుకే ఈ పొజిషన్‌లో అంచనాలు తప్పుతుంటాయి.

గ్రౌండ్‌లోనే ఆఖరి మ్యాచ్

1946లో కమిషనర్ అయిన బెల్, చివరిదాకా అదే పదవిలో ఉన్నాడు. 1959 అక్టోబర్ 11న, తాను కాలేజీ రోజుల్లో ఆడిన ఫ్రాంక్లిన్ ఫీల్డ్‌లో మ్యాచ్ చూస్తుండగా గుండెపోటు వచ్చి, ఆ రోజే చనిపోయాడు. వయసు 64. ఆ రోజు ఆడుతున్నది ఈగిల్స్, స్టీలర్స్. రెండూ ఒకప్పుడు ఆయన ఓనర్‌గా ఉన్న టీమ్‌లే.

మరుసటి ఏడాది అదే గ్రౌండ్‌లో ఈగిల్స్ లీగ్ ఛాంపియన్ అయింది. అది చూడ్డానికి బెల్ లేడు.